రిబ్కా తెర మీద మడులు

తెనాలి గంగానమ్మపేటలో బసవేశ్వరరావు గారి ప్రెస్సులోకి అడుగుపెట్టినవాళ్ళకు ముందు కనిపించేవి గోడ నిండా వేలాడే పెళ్ళికార్డుల నమూనాలు. ఆ తర్వాత కనిపించేది రిబ్కా వీపు. ముఖం చూడాలంటే ఆవిడ చేతిలో ఉన్న పేజీ పూర్తి కావాలి. అప్పటిదాకా ఎవరు పిలిచినా, ‘‘కూచోండి బాబాయ్‌గారూ, వస్తున్నా’’ అనే మాట ఒక్కటే వినిపిస్తుంది. వేళ్ళు మాత్రం ఆగవు.

రిబ్కాకు నలభై ఏడేళ్ళు. రేపల్లెలో కాపురం. భర్త ప్రభుదాస్ ఎలిమెంటరీ స్కూల్లో మాస్టారు. పొద్దున్నే ప్యాసింజరు ఎక్కి తెనాలి రావడం, సాయంత్రం ఐదింటి ప్యాసింజరుకు తిరిగి వెళ్ళడం ఇరవై రెండేళ్ళుగా అలవాటైపోయింది. టైపు లోయరూ హయ్యరూ రేపల్లెలోనే ప్యాసైంది. ‘చూపు కీబోర్డు మీద పడితే వేలు విరుస్తా’ అని అప్పటి టైపు మాస్టారు బెదిరించిన బెదిరింపు ఆవిడకు ఇప్పటికీ వేదవాక్కే.

ఆవిడ బల్ల మీద మౌసు ఉండదు. అది సొరుగులో, జిగురు సీసా పక్కన, వైరు చుట్టుకుని పడుకుని ఉంటుంది. దానికి కారకుడు వినోద్ కుమార్. అతను బాపట్లలో ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్. పన్నెండేళ్ళ కిందట తన పాఠ్యపుస్తకం అచ్చు వేయించుకోవడానికి వచ్చి, మూడు వారాలు రిబ్కా పక్కనే స్టూలు వేసుకుని కూచున్నాడు. ఒక ఫైలు మూయడం, ఇంకోటి తెరవడం, మళ్ళీ మొదటిది తెరవడం, ఎక్కడ ఆపిందో వెతుక్కోవడం, ఇదంతా చూసి చూసి అతనికి ప్రాణం విసిగింది. నాలుగో రోజు ఈమాక్స్ అనే ఎడిటర్, అంటే టైపు చేసుకునే సాఫ్ట్‌వేరు, తెచ్చి ఆ కంప్యూటర్లో పెట్టాడు.

‘‘ఇది మీరు ఏం చెయ్యమంటే అది చేస్తుందక్కా. అందులో లేంది ఏదన్నా కావాలంటే మీరే రాసుకోవచ్చు’’ అన్నాడు.

‘‘మేం రాసుకునేదాకా వస్తే ఇంక అదెందుకు తమ్ముడూ?’’ అంది రిబ్కా. కానీ వారం తిరిగేసరికి ఆ ఎడిటరు ఆవిణ్ణి పట్టుకుందో, ఆవిడే దాన్ని పట్టుకుందో చెప్పలేనంతగా కలిసిపోయారు.

అందులో ఉన్న సుఖమల్లా తెరను ముక్కలు చేసుకోవడమే. కంట్రోల్ పట్టుకుని ఎక్స్ కొట్టి, ఆపైన మూడు కొడితే తెర నిలువునా రెండవుతుంది. మూడు బదులు రెండు కొడితే అడ్డంగా చీలుతుంది. ‘ఓ’ కొడితే పక్క ముక్కలోకి గెంతొచ్చు. సున్నా కొడితే తానున్న ముక్క పోతుంది. ఒకటి కొడితే తానున్నది తప్ప మిగిలినవన్నీ పోతాయి. వినోద్ కుమార్ వాటిని విండోలన్నాడు. చెరుకుపల్లి దగ్గర పొలాల్లో తల్లితోపాటు ఊడ్పులకు వెళ్ళిన రిబ్కాకు అవి మడుల్లా కనిపించాయి. ఒక మడికీ ఇంకో మడికీ మధ్య ఉన్న గీత గట్టు. అంతే, ఆ రోజు నుంచి ప్రెస్సులో ఆ పేర్లే ఖాయమైపోయాయి. బైండింగు చేసే మస్తానమ్మ కూడా, ‘‘ఏ మడిలో ఉందక్కా నా క్యాలెండరు?’’ అని అడిగేది.

ఊరుకుంటే రిబ్కా ఎలా అవుతుంది? బ్రాకెట్లు లెక్కపెట్టుకుంటూ, ఒకటి తక్కువైతే గంటసేపు తిట్టుకుంటూ, తనకు కావలసిన ఆజ్ఞలు తానే రాసుకోవడం మొదలుపెట్టింది. ఎఫ్ ఐదు నొక్కితే నాలుగు మడులు తయారు: ఒకదాంట్లో ముహూర్తం, ఒకదాంట్లో కార్డు, ఒకదాంట్లో చుట్టాల పేర్లు, ఇంకోదాంట్లో తరచూ తప్పులు పడే మాటల జాబితా. మగపెళ్ళివారికీ ఆడపెళ్ళివారికీ విడివిడిగా కార్డులుంటాయి కాబట్టి ఎఫ్ ఆరు ఇంకా ముఖ్యం. అది నొక్కితే ఉన్న కార్డుకు నకలు తీసి, రెండిటినీ రెండు మడుల్లో పక్కపక్కన పెడుతుంది. ఇంట్లో ప్రభుదాస్ మాస్టారు, ‘‘మా ఆవిడ కంచంలో అన్నానికీ కూరకీ మధ్య కూడా గట్టు వేస్తుందండీ’’ అని చర్చిలో అందరికీ చెప్పి నవ్వించేవాడు.

నవ్వనిది ఒక్క బసవేశ్వరరావు గారే. ఆయన ప్రెస్సు ఓనరు. ఒక శనివారం రిబ్కా సెలవు పెడితే, ఒక కార్డులో ఫోన్ నంబరు అంకె ఒకటి మార్చడానికి ఆయన ఆ కంప్యూటరు ముందు కూచున్నారు. ఏం నొక్కారో ఏమో, తెర ఎనిమిది మడులైంది. ఎనిమిదింటిలోనూ అదే పెళ్ళికొడుకు. ఆయన కరెంటు స్విచ్చి ఆపేసి బయటికొచ్చి అరుగు మీద కూచున్నారు. గుంటూరులో ఉన్న బావమరిది నరసింహం అప్పటినుంచీ ఫోన్లో ఊదరగొడుతూనే ఉన్నాడు: రెడీమేడ్ కార్డుల సాఫ్ట్‌వేరు వచ్చింది, మౌసుతో నొక్కితే చాలు, ఎవరైనా చేసేస్తారు అని.

మొన్న మాఘమాసం పెళ్ళిళ్ళ రద్దీ మొదలవుతుండగా ఆయన రిబ్కాను పిలిచారు.

‘‘చూడు రిబ్కా, ఈ నెలాఖరుదాకా నీకు గడువు. ఒక్క పార్టీ నుంచి కూడా కంప్లైంటు రాకూడదు. వచ్చిందా, ఆ ఎడిటర్ తీయించేస్తాను. నువ్వు కౌంటర్లో కూచుని ఆర్డర్లు రాసుకుందువుగాని.’’

‘‘అలాగే సార్’’ అంది రిబ్కా. ఆ కుర్చీలోంచి లేస్తే తానెవరో, తన వేళ్ళకు పనేంటో ఆవిడకు తెలియలేదు. ఆ సాయంత్రం ప్యాసింజర్లో జంపని స్టేషను దాటేదాకా ఆవిడ వేళ్ళు ఒళ్ళో ఉన్న టిఫిన్ బాక్సు మూత మీద వాటంతట అవే కంట్రోల్ ఎక్స్ మూడు కొడుతూనే ఉన్నాయి.

నెలంతా ఒక్క మాట పడలేదు. ఆఖరి రోజు వచ్చింది. ఆ రోజే ఒకే పెళ్ళికి సంబంధించిన రెండు పక్షాలూ ఒకే సమయానికి ప్రెస్సులో దిగాయి.

పెళ్ళికూతురు పావనిది బాపట్ల. ఆవిడ తరఫున మేనమామ పూర్ణచంద్రరావు వచ్చాడు. ఖద్దరు చొక్కా, చేతిలో పేర్ల చీటీ, ప్రతి పేరుకూ ముందు ‘శ్రీ’ ఉందో లేదో చూసుకునే జాగ్రత్త. పెళ్ళికొడుకు నాగార్జునది రేపల్లె. అతని తరఫున మేనత్త సీతారావమ్మ వచ్చింది. ఆవిడ చేతిలో చీటీ లేదు, అన్నీ నోట్లోనే ఉన్నాయి.

‘‘నమస్కారం వదినగారూ.’’

‘‘నమస్కారం అన్నయ్యగారూ. అంతా బావున్నారాండీ?’’

మర్యాదలు అక్కడిదాకా బాగానే ఉన్నాయి. వచ్చిన చిక్కల్లా ఇద్దరికీ రైలు తొందరే. ఎవరిది ముందు చెయ్యాలని బసవేశ్వరరావు గారు తల గోక్కుంటుంటే రిబ్కాకు ఊపొచ్చింది. నెల గడిచిపోతోంది, కుర్చీ దక్కుతోంది, పైగా ఓనరు గారు ఎదురుగా నిలబడి ఉన్నారు. ఇలాంటప్పుడు నోరు అదుపులో ఉంటుందా?

‘‘ఇద్దర్నీ ఒకేసారి కూచోబెట్టండి సార్. రెండు మడుల్లో రెండూ చేసేస్తాను’’ అంది.

అటు ఒక కుర్చీ, ఇటు ఒక కుర్చీ వేశారు. ముహూర్తం ఒకటే, కల్యాణమండపం ఒకటే కాబట్టి ఆ వివరాలు ఫోన్లో రాసుకుని రిబ్కా ముందు రోజే ఒక కార్డు టైపు చేసి పెట్టింది. ఇప్పుడు ఎఫ్ ఆరు నొక్కితే చాలు. కానీ ఒక్క మీట నొక్కితే గొప్ప ఏముంది? ఇంతమంది చూస్తున్నప్పుడు వేళ్ళ విన్యాసం కనపడొద్దూ? రిబ్కా చేతులు విదిలించి కంట్రోల్, ఎక్స్, మూడు అని చకచకా కొట్టింది. తెర నిలువునా రెండైంది. ‘‘అబ్బో!’’ అన్నాడు పూర్ణచంద్రరావు. ఆ ‘అబ్బో’లో పడి, గట్టు వేసిందే కానీ నకలు తియ్యలేదన్న సంగతి రిబ్కాకు తట్టనే లేదు.

‘‘ఎడమ పక్కది మీది బాబాయ్‌గారూ, కుడి పక్కది పిన్నిగారిది. చెప్పండి.’’

‘‘మా పావని పేరు పక్కన ఎం.టెక్. అని వెయ్యమ్మా. లావుగా వెయ్యి. మా ఇంట్లో అంత చదివింది అదొక్కతే’’ అన్నాడు పూర్ణచంద్రరావు.

వేసింది. చూపు తాను టైపు చేస్తున్న చోటే ఉంది, పక్క మడి వైపు మళ్ళలేదు. సీతారావమ్మ చూపు మాత్రం తన కార్డు మీదే ఉంది.

‘‘ఏవమ్మాయ్, మా కార్డులో ఎం.టెక్. ఎవరు వెయ్యమన్నారు? మావాడు బి.టెక్. పెళ్ళికూతురు ఒక మెట్టు పైనుందని మేమే డప్పు కొట్టుకోవాలా? తీసెయ్.’’

‘అయ్యో, పొరపాటున వేసినట్టున్నా’ అనుకుని రిబ్కా ‘ఓ’ కొట్టి కుడి మడిలోకి గెంతి, ఎం.టెక్. చెరిపేసింది.

‘‘అమ్మా! ఇదేంటి? మా పిల్ల చదువు ఏమైంది? ఇప్పుడే గదమ్మా వేశావు?’’ పూర్ణచంద్రరావు కుర్చీ అంచుకు జరిగాడు.

‘‘వేస్తానండి, వేస్తానండి.’’ మళ్ళీ ఎడమకు గెంతింది. వేసింది.

‘‘మళ్ళీ వేశావేంటి!’’ అంది సీతారావమ్మ.

‘‘తీశావేంటి మళ్ళీ!’’ అన్నాడు పూర్ణచంద్రరావు, ఇంకో క్షణానికి.

రిబ్కాకు చెమటలు పట్టాయి. అడకత్తెరలో పోకచెక్కలా ఇద్దరి మధ్యా నలుగుతూ, ముందు వేరే పని చేద్దామనుకుని, ‘‘ఆహ్వానించువారి పేర్లు చెప్పండి పిన్నిగారూ’’ అంది.

‘‘మొట్టమొదట నా పేరు వెయ్యి. శ్రీమతి సీతారావమ్మ.’’

వేసింది. ఆడపెళ్ళివారి కార్డులో, ఆహ్వానించువారి కింద, మొట్టమొదట శ్రీమతి సీతారావమ్మ గారు వెలిశారు.

‘‘వదినగారూ, మా పిల్ల పెళ్ళికి మా చుట్టాల్ని మీరు పిలవడమేంటండీ?’’ పూర్ణచంద్రరావు లేచి నిలబడ్డాడు. ‘‘ఓహో! ఇప్పుడర్థమైంది. ఈ ప్రెస్సు మీకు తెలిసినవాళ్ళది. ఈ అమ్మాయిది కూడా రేపల్లేనంట గదా!’’

‘‘ఏంటన్నయ్యగారూ ఆ మాట? మా కార్డులో మీ పిల్ల చదువులన్నీ దొంగచాటుగా దూర్పించింది మీరు కాదూ?’’

అప్పుడు రిబ్కా మొదటిసారి రెండు మడులనూ కలిపి చూసింది. ఎడమ పక్కన ఏముందో అక్షరం పొల్లుపోకుండా కుడి పక్కనా అదే ఉంది. మధ్యలో గట్టు వేసింది గానీ, మడి ఒకటే! అటువైపు నీళ్ళు పెడితే ఇటువైపూ పారుతున్నాయి.

నకలు తీద్దామనుకుని, కంగారులో ఎఫ్ ఆరు సంగతే మరిచి కంట్రోల్ ఎక్స్ కొట్టింది. వేలు వెళ్ళి ఒకటి మీద పడింది. గట్టు మాయమై, తెర నిండా ఒక్క కార్డే మిగిలింది.

‘‘మా కార్డు ఏదీ?’’ సీతారావమ్మ కేక బైండింగు గది దాకా వినిపించింది. మస్తానమ్మ చేతిలో కత్తెరతోనే పరిగెత్తుకొచ్చింది. ‘‘మా కార్డు చెరిపేసింది! చూశారా, మావాళ్ళ పేర్లన్నీ చెరిపేసింది!’’

బసవేశ్వరరావు గారు కౌంటరు దగ్గర్నుంచి వచ్చి రిబ్కా వెనక నిలబడ్డారు.

రిబ్కా కంట్రోల్ సి కొట్టి, ఎడమ బాణం నొక్కింది. పోయిన గట్టు తిరిగొచ్చి, రెండు మడులూ మొదటిలాగే నిలబడ్డాయి. గదిలో అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు.

అక్కడితో గట్టెక్కే దారి ఒకటుంది. ‘కంప్యూటరు మొరాయించిందండీ’ అనొచ్చు. ప్రపంచంలో సగం తప్పులు ఆ మాట కిందే దాక్కుంటాయి, ఎవరూ కాదనరు. రిబ్కా నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఇద్దరి ముఖాలూ చూసింది. వీళ్ళు ఇలాగే రైళ్ళెక్కితే, ఒకరు ప్రెస్సులో మోసం చేయించారని ఇంకొకరు జీవితాంతం నమ్ముతారు. ఆ పిల్ల ఆ ఇంట్లో కాపురం చెయ్యాలి.

‘‘తప్పు నాదండి’’ అంది. ‘‘మీరెవరూ ఏం చేయించలేదు. రెండు కార్డులు చేస్తున్నాననుకుని ఒక్క కార్డునే రెండు చోట్ల తెరిచాను. ఒక చోట మారిస్తే రెండో చోటా మారుతుంది. నకలు తియ్యడం మర్చిపోయాను. గొప్పకు పోయాను.’’

రిబ్కా అందరి ముందూ నకలు తీసింది, ఈసారి ఎఫ్ ఆరుతోనే. ఎడమ కార్డులో ఎం.టెక్. వేసి, సీతారావమ్మ పేరు తీసింది. కుడి కార్డులో ఎం.టెక్. వెయ్యకుండా, సీతారావమ్మ పేరు ఉంచింది. ఇప్పుడు నిజంగానే రెండు కార్డులు.

సీతారావమ్మ కళ్ళజోడు సవరించుకుని రెండిటినీ చాలాసేపు చూసింది.

‘‘అన్నయ్యగారూ, చీరాలలో మా ఆడపడుచు మీకు కూడా చుట్టమే గదూ?’’

‘‘అవునండి. మా తోడల్లుడి వదిన.’’

‘‘అయితే ఈ రెండూ ఆవిడ ఇంటికి వెళ్తాయి. ఇదిగో, ఇట్టాగే పక్కపక్కన పెట్టుకుని చదివే రకం ఆవిడ. ఒకదాంట్లో చదువుండి, ఒకదాంట్లో లేకపోతే…’’ ఆవిడ వాక్యం పూర్తి చేయలేదు. పూర్ణచంద్రరావుకు చీరాల వదినగారు కళ్ళ ముందు కదిలినట్టుంది, నిట్టూర్చాడు.

‘‘వెయ్యమ్మాయ్’’ అంది సీతారావమ్మ చివరికి. ‘‘మా కార్డులో కూడా ఎం.టెక్. వెయ్యి. కోడలు చదువుకుంటే మాకేం నామోషీ? కాకపోతే మావాడి పేరు పక్కన అసిస్టెంట్ ఇంజనీర్ అని వెయ్యాలి. రెండు కార్డుల్లోనూ.’’

‘‘లావుగా వెయ్యమ్మా’’ అన్నాడు పూర్ణచంద్రరావు.

వెళ్ళేటప్పుడు సీతారావమ్మే బసవేశ్వరరావు గారి ముందు ఆగి, ‘‘మీ అమ్మాయి నిజం చెప్పింది కాబట్టి సరిపోయిందండీ. లేకపోతే పెళ్ళి పందిట్లో కొట్టుకునేవాళ్ళం’’ అంది. ఇద్దరూ ఒకే రిక్షా మాట్లాడుకుని స్టేషనుకు బయల్దేరారు.

వాళ్ళు వెళ్ళాక రిబ్కా కళ్ళజోడు, టిఫిన్ బాక్సు తీసుకుని కుర్చీలోంచి లేచింది.

‘‘ఎక్కడికి?’’ అన్నారు బసవేశ్వరరావు గారు.

‘‘కౌంటర్లోకి సార్. నెల ఇవాళ్టితో అయిపోయింది గదా.’’

‘‘కంప్లైంటు రాలేదుగా.’’

‘‘వాళ్ళు చెయ్యలేదు సార్. కానీ తప్పు జరిగింది. నేనే చేశాను.’’ ఏడుపు ఆపుకోవడానికి టిఫిన్ బాక్సు మూత తీసి మళ్ళీ పెట్టింది.

ఆయన ఆ ఖాళీ కుర్చీ దగ్గరికి వచ్చారు.

‘‘అందరి ముందూ ఆ కార్డు మాయమైంది గదా. దాన్నెట్టా తెచ్చావు?’’

‘‘అది పోలేదు సార్. కనపడకుండా పోయింది అంతే.’’

‘‘ఆ సంగతి నాకేం తెలుసు? ఆ రోజు నేను కరెంటు తీసేశాను.’’ ఆయన గొంతులో కోపం లేదు. ‘‘ముప్పై ఏళ్ళుగా నా ప్రెస్సు రిబ్కా. కట్టింగ్ మిషను నడుపుతాను, సిరా కలుపుతాను, చెడిపోతే మోటారు కూడా విప్పుతాను. నా ప్రెస్సులో నేను ముట్టుకోలేని వస్తువు అదొక్కటే.’’

రిబ్కాకు ఆ మాట సూటిగా తగిలింది. పన్నెండేళ్ళలో ఆ కీబోర్డు మీద ఒక్క మీట కూడా ఆవిడ ఎవరికీ చూపించలేదు. ఎవరూ అడగలేదన్నది సాకు. నిజానికి, తనకు తప్ప ఇంకెవరికీ రాదన్న మాట ఆవిడకు ఇష్టంగా ఉండేది. తప్పుల జాబితాలో నకలు మర్చిపోవడం చిన్నది, ఇదే పెద్దది అనిపించి సిగ్గేసింది.

ఆవిడ కుర్చీని ఆయన వైపు తిప్పింది.

‘‘కూచోండి సార్.’’

‘‘నేనా?’’

‘‘మీరే. కూచోండి.’’

బసవేశ్వరరావు గారు పంటి డాక్టరు దగ్గర కూచున్నట్టు అంచు మీద కూచున్నారు. రిబ్కా వెనక నిలబడి ఒక్కొక్కటే చెప్పింది. కంట్రోల్ పట్టుకోండి. ఎక్స్ కొట్టండి. వదిలేసి మూడు. తెర రెండైంది.

‘‘ఇప్పుడివి రెండా, ఒకటా?’’ అన్నారు ఆయన అనుమానంగా.

‘‘ఒకటే సార్. ఏదన్నా కొట్టి చూడండి.’’

ఆయన ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఎడమ మడిలో తన పేరు కొట్టారు. కుడి మడిలోనూ అదే పేరు, అదే వరసలో, అక్షరం వెంట అక్షరం వచ్చి కూచుంది. ఆయన కిలకిలా నవ్వారు. ఇరవై రెండేళ్ళలో ఆ నవ్వు రిబ్కా వినడం అదే మొదలు. ఆ ఉత్సాహంలో ఇంకేదో నొక్కితే మడి ఒకటి మాయమైంది. నవ్వు ఆగిపోయింది. చెయ్యి తిన్నగా కరెంటు స్విచ్చి వైపు వెళ్ళబోయింది.

‘‘ఏం పోలేదు సార్. లోపలే ఉంది. కంట్రోల్ సి, ఎడమ బాణం.’’

తెచ్చుకున్నారు. తిరిగొచ్చిన మడిని చూసి మీసం దువ్వుకున్నారు.

‘‘రేపు నరసింహానికి ఫోన్ చేసి, ఆ సాఫ్ట్‌వేరు వద్దని చెప్తాను’’ అన్నారు తెర మీంచి చూపు తిప్పకుండా. ‘‘ఇక్కడ ఇంకో కుర్చీ వేయించాలి. నువ్వు నిలబడి ఎంతసేపని చెప్తావు?’’

స్టేషను వైపునుంచి ఐదింటి ప్యాసింజరు కూత వినిపించింది. ఆవిడ రైలు ఆవిడ లేకుండానే రేపల్లెకు బయల్దేరింది. రిబ్కా ఆ వైపు చూడను కూడా లేదు. కాళ్ళు లాగుతున్నాయి, కళ్ళు చెమ్మగిల్లాయి, కానీ గొంతు మాత్రం టైపు మాస్టారి గొంతంత గట్టిగా వచ్చింది.

‘‘ఇంకోసారి కొట్టండి సార్. చూపు కీబోర్డు మీద కాదు, తెర మీద!’’